బడి కమిటీకి పోటీ: సీతంపేట కొండల నుండి ఒక పరిశీలన

మన విద్యార్థులలో అధిక సంఖ్యాకులకు శాసనసభలో ఎన్ని స్థానాలున్నవో తెలుసు. లోక్‌సభకు ఎన్ని సంవత్సరాల కొకసారి ఎన్నికలు జరుగుతవో తెలుసు. తమ తమ్ముడో చెల్లెలో చదువుతున్న ప్రభుత్వ పాఠశాలలో కూడ ఒక ఎన్నిక జరుగుతుందనీ, ఆ ఎన్నికలో తమ తల్లికి గాని తండ్రికి గాని ఓటుహక్కు ఉన్నదనీ, కావాలంటే ఆ తల్లే అభ్యర్థినిగా నిలబడవచ్చుననీ అడిగితే మాత్రం చాలామంది తెల్లబోతారు. పౌరశాస్త్ర గ్రంథాలు ఢిల్లీ నుండి బయలుదేరి హైదరాబాదు, అమరావతి మీదుగా జిల్లా పరిషత్తు వరకు వచ్చి అక్కడ అలసిపోయి ఆగిపోతవి. బడి గుమ్మం దాకా రావు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు అక్కడి నగరాలలో ‘స్కూల్ బోర్డు’ సభ్యత్వానికి పోటీ చేస్తున్నారన్న వార్తలు అప్పుడప్పుడు మన పత్రికలలో కనిపిస్తూ ఉంటవి. ఆ వార్తను గర్వంగా చదివే పాఠకుడు, మన ఊళ్ళో అటువంటి బోర్డు ఉన్నదా, లేకపోతే దాని స్థానంలో ఏమున్నది అని తనను తాను ప్రశ్నించుకోవడం అరుదు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసోద్దేశం. సమాధానం కొరకు పెద్ద నగరానికి పోకుండా పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట కొండలకు పోదాము. కారణం ముందు ముందు తేటపడుతుంది.

మొదట ఈ బోర్డు అనే భావన ఎక్కడ పుట్టిందో కొంత తెలుసుకోవలసి ఉన్నది. ఇంగ్లండులో 1870లో వచ్చిన ప్రాథమిక విద్యా చట్టం, చాలినన్ని బడులు లేని చోట్ల ‘స్కూల్ బోర్డు’లను ఏర్పరచవలెనని శాసించినది. పన్ను చెల్లించేవారు ఎన్నుకొన్న సభ్యులే బడులు కట్టించాలి, పంతుళ్ళను నియమించాలి. ఈ ఎన్నికలలో రెండు విశేషాలున్నవి. స్త్రీలకు పార్లమెంటు ఎన్నికలలో ఓటు 1918 వరకు దక్కని ఆ దేశంలో, స్కూల్ బోర్డులకు మాత్రం స్త్రీలు నిలబడవచ్చును. 1870 నవంబరులో జరిగిన లండన్ స్కూల్ బోర్డు మొదటి ఎన్నికలలో మేరిలెబోన్ విభాగం నుండి ఎలిజబెత్ గారెట్ అనే వైద్యురాలు 47,848 ఓట్లతో గెలుపొందినది. లండను మొత్తానికి అన్ని ఓట్లు మరెవ్వరికీ రాలేదు. అదే విభాగంలో నిలబడిన థామస్ హక్స్‌లీ అంతటి శాస్త్రవేత్త కూడ గెలిచాడు గాని ఆమెకు చాలా దూరంలో ఉండిపోయాడు. ఎమిలీ డేవిస్ గ్రీనిచ్ నుండి గెలిచినది.

రెండవ విశేషం మనవంటి అల్పసంఖ్యాక విద్యాసంస్థలలో చదివేవారు ప్రత్యేకంగా గమనించదగినది. ఒక విభాగంలో ఏడు స్థానాలుంటే ప్రతి ఓటరుకూ ఏడు ఓట్లుంటవి. ఆ ఏడింటినీ ఏడుగురికి పంచవచ్చు, లేదా ఒక్కరికే కుప్పగా వేయవచ్చు. ఇందువలన ఆ ఊళ్ళో కొద్దిమందిగా ఉన్న కాథలిక్కులైనా, మరొక చిన్న మతశాఖవారైనా తమ ఓట్లన్నీ ఒక మనిషి మీద పోగుచేసి కనీసం ఒక్క స్థానమైనా సంపాదించుకోగలిగేవారు. అల్పసంఖ్యాకుల ప్రాతినిధ్యానికి మన దేశంలో 1909లో వచ్చిన ప్రత్యేక నియోజకవర్గాల పద్ధతి వేరు. అది ఓటర్లను విడదీసినది. లండను పద్ధతి ఓటర్లను విడదీయలేదు, ఓటుకు కొంత బరువునిచ్చినది. ఈ రెంటికీ గల తేడా స్వల్పమని ఎవరైనా అంటే నేను అంగీకరించను. ఇరవయ్యవ శతాబ్దపు మన చరిత్రలో సగభాగం ఆ తేడాలోనే ఇమిడి ఉన్నది. ఇంగ్లండులో 1902 నాటి చట్టంతో ఈ బోర్డులు రద్దయి, వాటి పని స్థానిక కౌన్సిళ్ళకు పోయినది.

అమెరికాలో అవి రద్దు కాలేదు. కెంటకీ రాష్ట్రం 1838లోనే, పన్ను చెల్లించే ఆస్తి గల వితంతువులకు బడి ఎన్నికలలో ఓటిచ్చినది. నేడు ఆ దేశంలో సుమారు 13 వేల పాఠశాలా జిల్లాలున్నవి. వాటిలో అధికభాగానికి ఎన్నికైన బోర్డులే పాలకవర్గాలు. లాస్ ఏంజిలిస్ వంటి మహానగరపు జిల్లాకు బోర్డు సభ్యులు ఏడుగురే. లక్షలాది ఓటర్లకు ఏడుగురు! అక్కడ పోటీ చేయడమంటే విరాళాల సేకరణ, కరపత్రాలు, ఉపాధ్యాయ సంఘాల మద్దతు, ఇవన్నీ తప్పనిసరి.

మన దేశానికి వస్తే, లార్డ్ రిప్పన్ 1882 మే నెలలో స్థానిక స్వపరిపాలన తీర్మానాన్ని ప్రకటించాడు. దానిననుసరించి మద్రాసు రాష్ట్రంలో 1884లో స్థానిక బోర్డుల చట్టం వచ్చినది. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం జిల్లాకొక విద్యా మండలిని కల్పించినది. కొందరు ఎన్నికైనవారు, కొందరు ప్రభుత్వం నియమించినవారు ఆ మండలిలో కలసి కూర్చునేవారు. బొంబాయి వైపు ఈ సంప్రదాయం మరింత వేరూనింది. నేటికీ గుజరాతులోని అహ్మదాబాదు, సూరతు వంటి నగరాలలో నగర ప్రాథమిక విద్యా సమితులున్నవి. వాటి సభ్యులను ప్రజలు నేరుగా ఎన్నుకోరు, నగరపాలక సంస్థ సభ్యులు ఎన్నుకొంటారు. అనగా నగర విద్యా బోర్డు అనేది మన దేశంలో ఉన్నచోట కూడ పరోక్ష ఎన్నికే.

తెలుగునాట అదీ లేదు. 1959 అక్టోబరు 11న షాద్‌నగరులో నెహ్రూగారు పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించిన తరువాత ప్రాథమిక పాఠశాలలు సమితుల చేతికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల చేతికి వచ్చినవి. తరువాత సమితులు పోయి మండలాలు వచ్చినవి. 73వ రాజ్యాంగ సవరణ పదకొండవ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక విద్యను పంచాయతీల విషయాల జాబితాలో చేర్చినది. కాని బోర్డు మీద ‘మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాల’ అని వ్రాసి ఉన్నంత మాత్రాన పంతులును పంపేదీ, బదిలీ చేసేదీ, పుస్తకాలు అచ్చువేసేదీ మండల పరిషత్తు కాదు. ఆ పని విద్యాశాఖది, గిరిజన ప్రాంతాలలో చాలవరకు గిరిజన సంక్షేమశాఖది.

ఈ ఖాళీలోకి వచ్చినదే తల్లిదండ్రుల కమిటీ. పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి సంబంధించి 1998లో మన రాష్ట్రం ఒక చట్టం చేసినది. ఆ పిమ్మట పార్లమెంటు 2009లో చేసిన ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. దాని 21వ సెక్షను ప్రకారం ప్రభుత్వ పాఠశాలలలోను, ప్రభుత్వ సహాయం పొందే పాఠశాలలలోను పాఠశాల యాజమాన్య కమిటీ ఉండి తీరాలి. సభ్యులలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు కావాలి, సగం మంది స్త్రీలు కావాలి. బడి పనితీరును గమనించడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధుల వినియోగాన్ని పర్యవేక్షించడం ఆ కమిటీ విధులు. ప్రైవేటు పాఠశాలలకు ఇది వర్తించదు. ఫీజు కట్టేవానికి ఓటు లేదు, కట్టలేనివానికి ఉన్నది. ఇది నాకు ఎప్పుడూ ఒక వింతగానే తోస్తుంది.

ఇక సీతంపేట. తూర్పు కనుమల అంచున, పాలకొండకు ఎగువన ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఉన్న ఊరు కనుక అధికారుల జీపులకు కొదువ లేదు. సంతరోజున అనాసపండ్లు, పసుపు, చింతపండు, కొండచీపుళ్ళు దిగువకు దిగుతవి. బియ్యం, ఉప్పు, గుడ్డలు ఎగువకు ఎక్కుతవి. చుట్టుపట్ల గూడలలో ప్రధానంగా సవరలు, జాతాపులు నివసిస్తారు. జాతాపులు ఒకప్పుడు కోదుల శాఖగా ఉండి, ఇప్పుడు తెలుగే మాట్లాడుతున్నారు. సవరల భాష మాత్రం ద్రావిడ భాష కాదు. ముండా కుటుంబానికి చెందినది. క్రియాపదంలోనే నామాన్ని ఇముడ్చుకొని, మనం నాలుగు మాటలలో చెప్పేదాన్ని ఒక్క మాటలో చెప్పగల భాష అది. తెలుగు వ్యాకరణం చదివి పోయిన పంతులుకు అది అంత సులభంగా అంతుపట్టదు.

అంతుపట్టించుకున్న పంతులు ఒకరున్నారు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండగా సవర నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టించారు. ఆయన రచించిన సవర వ్యాకరణ గ్రంథాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో ప్రచురించినది. నిఘంటువులు కూడ కూర్చారు. మనం ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటూ, వ్యావహారిక భాషోద్యమాన్ని మాత్రమే స్మరిస్తాము. నా ఉద్దేశంలో ఆయన వ్యావహారిక వాదానికీ సవర బడికీ మధ్య ఉన్న బంధం విడదీయరానిది. బిడ్డ మాట్లాడే మాటలోనే బిడ్డకు పాఠం చెప్పాలన్న ఒకే సూత్రం రెండు చోట్లా పనిచేసింది. ఆయన గతించిన అరవైయేళ్ళకు గాని, 2004 ప్రాంతంలో, ప్రభుత్వం సవరతో సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక వాచకాలు తయారుచేయించి బహుభాషా విద్యను ప్రారంభించలేదు. సవర వాచకాలను తెలుగు లిపిలోనే అచ్చువేశారు. మాంగే గొమాంగో 1936లో సవరలకొక ప్రత్యేక లిపిని సృష్టించినా అది ఎక్కువగా ఒడిశా వైపే ప్రచారంలో ఉన్నది.

ఈ నేపథ్యంలో కొండమీది చిన్న బడిలో కమిటీ ఎన్నిక ఎట్లా జరుగుతుందో చూతము. ఆంధ్రప్రదేశ్ నియమాల ప్రకారం తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రుల నుండి సభ్యులు ఎన్నిక కావాలి. ఆ ముగ్గురిలో ఒకరు అననుకూల వర్గాలకు, అనగా షెడ్యూల్డు కులాలు, తెగలు మొదలైనవాటికి చెంది ఉండాలి. ఒకరు బలహీన వర్గాలవారు కావాలి. సాధ్యమైనంతవరకు ఇద్దరు స్త్రీలు కావాలి. ఒక బిడ్డకు తల్లిదండ్రులలో ఒకరిదే ఓటు. తరగతిలోని తల్లిదండ్రులలో కనీసం సగంమంది హాజరైతే గాని ఎన్నిక చెల్లదు. చేతులెత్తి గాని, నోటిమాటతో గాని ఎన్నుకొంటారు. పట్టుదల వస్తే రహస్య ఓటు. ఎన్నికైన సభ్యులు తమలో నుండి అధ్యక్షుని, ఉపాధ్యక్షుని ఎన్నుకొంటారు. వారిలో ఒకరైనా స్త్రీ కావాలి. ప్రధానోపాధ్యాయుడు సభ్య-కన్వీనరు. అంగన్‌వాడీ కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త, వార్డు సభ్యుడు పదవిరీత్యా సభ్యులు. కమిటీ కాలపరిమితి రెండేళ్ళు. ఇటీవల రాష్ట్రవ్యాప్తంగా 2021 సెప్టెంబరులోను, తిరిగి 2024 ఆగస్టు 8న ఈ ఎన్నికలు జరిగినవి.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాము. ఐదు తరగతులూ కలిపి పదిహేడుగురు పిల్లలున్న ఒక ఏకోపాధ్యాయ పాఠశాలను ఊహించండి. కొండలలో ఇటువంటి బడులు అరుదు కావు. మొదటి తరగతిలో ఐదుగురు, రెండింట నలుగురు, మూడింట ముగ్గురు, నాలుగింట ముగ్గురు, ఐదింట ఇద్దరు. తరగతిలో ఆరుగురికి తక్కువైతే పక్క తరగతితో కలపాలని నియమం. కనుక మొదటి రెండూ కలిసి ఒక గుంపు, మిగిలిన మూడూ కలిసి మరొక గుంపు అవుతవి. గుంపుకు ముగ్గురు చొప్పున స్థానాలు ఆరు. ఒకే ఇంటి పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉంటారు కాబట్టి పదిహేడుగురు పిల్లలు బహుశా పది పదకొండు ఇళ్ళవారు. పదకొండు ఇళ్ళకు ఆరు స్థానాలు! అనగా సగానికి పైగా ఇళ్ళు పాలకవర్గంలో ఉన్నట్లే. లాస్ ఏంజిలిస్‌లో లక్షలమందికి ఏడుగురు, సీతంపేట కొండమీద పదకొండు ఇళ్ళకు ఆరుగురు. ప్రజాస్వామ్యాన్ని సాంద్రతతో కొలిచే పద్ధతే ఉంటే ఏది గొప్ప ప్రజాస్వామ్యమో చెప్పనక్కరలేదు.

కాని సాంద్రత ఉన్నంత మాత్రాన సత్తువ ఉంటుందా? ఇక్కడే అసలు చిక్కులు మొదలవుతవి.

మొదటిది వేళ. బడి ఎన్నికకు నిర్ణయించే రోజు పనిరోజు. ఆగస్టు నెల వర్షాకాలం. పోడులోను, పల్లపు చేలలోను పని ముమ్మరంగా ఉండే కాలం. ఆ రోజు బడికి వచ్చిన తల్లి ఒకరోజు కూలి పోగొట్టుకొని వచ్చినట్లు. సగంమంది హాజరు కావాలన్న నియమం పట్టణంలో ఒక సంఖ్య మాత్రమే. కొండమీద అది ఒక వాగు దాటి, ఒక గుట్ట ఎక్కి రావడం. అందులోను ఆశ్రమ పాఠశాల అయితే పిల్లలు అనేక గ్రామాల నుండి వచ్చి అక్కడే నివసిస్తారు. తల్లిదండ్రులు ఒకరినొకరు ఎరుగరు. అటువంటి బడికి కమిటీ కూర్చవలసి వచ్చినప్పుడు బడికి దగ్గరున్న ఊరివారే సభ్యులవుతారు. దూరపు గూడలో ఉన్న తల్లికి, తన బిడ్డకు జ్వరం వస్తే కబురు ఎంతసేపటికి అందుతుందో అడిగే అవకాశం, ఎక్కువగా అడగవలసిన ఆమెకే, తక్కువగా ఉంటుంది.

రెండవది భాష. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే కళాశాలలో పాఠం చెప్పేవాణ్ణి గనుక ఈ విషయాన్ని కొంచెం విస్తరించి వ్రాస్తున్నాను. ‘హాజరు’, ‘నకలు’, ‘దరఖాస్తు’, ‘తారీఖు’, ‘జిల్లా’, ఈ మాటలన్నీ అరబ్బీ పారసీకాల నుండి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి, తెలుగు కచేరీ భాషగా స్థిరపడినవి. వాటిమీద సంస్కృతం నుండి ‘యాజమాన్యం’, ‘పర్యవేక్షణ’ వంటివి వచ్చి చేరినవి. ఆపైన ఇంగ్లీషు నుండి ‘కమిటీ’, ‘కన్వీనరు’. సవర తల్లి ఎదుట బడి నోటీసు చదివితే, మూడు రాజ్యాల భాషలు ఆమె మీదుగా పోతవి. ఆమె భాష మాత్రం ఆ నోటీసులో ఒక్క మాటయినా ఉండదు. ఆమె చేయి ఎత్తుతుంది. పక్కవారు ఎత్తారు గనుక ఎత్తుతుంది. నోటీసు తెలుగులోను సవరలోను చదివి వినిపించడానికి ఖర్చు ఏమీ లేదు. గూడలో చదువుకున్న కుర్రవాడొకడు చాలు. 1990లలో మన్యంలో నడిచిన ‘మా బడి’ పాఠశాలలలో స్థానిక యువకునే పంతులుగా పెట్టుకున్నప్పుడు ఈ సమస్య ఇంతగా తలెత్తలేదు.

మూడవది, చట్టం కంటికి కనబడని అల్పసంఖ్యాకులు. నియమం ప్రకారం ముగ్గురిలో ఒకరు షెడ్యూల్డు తెగ వంటి అననుకూల వర్గానికి చెందాలి. మైదానంలో ఈ నియమం ఎంతో మేలు చేస్తుంది. నలభై కుటుంబాల ఊళ్ళో నాలుగు గిరిజన కుటుంబాలున్నా వారికొక స్థానం దక్కుతుంది. కాని సీతంపేట గూడలో అందరూ షెడ్యూల్డు తెగలవారే. నియమం తనంతట తానే నెరవేరిపోతుంది, ఇక అది ఎవరినీ కాపాడదు. ఆ బడిలో పది జాతాపు ఇళ్ళూ మూడు సవర ఇళ్ళూ ఉంటే ఆ మూడిళ్ళ మాట ఎవరు పట్టించుకుంటారు? అక్కడ పుస్తకం ఏ భాషలో ఉండాలన్నది ముఖ్యమైన ప్రశ్న. ఆ ప్రశ్నలో నష్టపోయేది ఆ మూడిళ్ళవారే. లండను బోర్డు వారి కుప్పవోటు పద్ధతి ఇటువంటి చోట ఉపయోగపడేది. ముగ్గురు సభ్యుల కోసం ప్రతి ఇంటికీ మూడు ఓట్లిచ్చి, మూడూ ఒక్కరికే వేయనిస్తే, ఆ మూడు సవర ఇళ్ళ తొమ్మిది ఓట్లు ఒక్క అభ్యర్థిపై పడతవి. పది జాతాపు ఇళ్ళ ముప్పై ఓట్లు ముగ్గురికి సమానంగా పంచితే తలకు పది. తొమ్మిది ఓడిపోయినట్లే కదా అని లెక్కల విద్యార్థి అంటాడు. నిజమే. కాని జాతాపు ఇళ్ళవారు ముప్పై ఓట్లనూ చీలిక లేకుండా, పొల్లు పోకుండా సరిగ్గా పదేసి పంచగలిగితేనే ఆ గెలుపు. ఒక్క ఇల్లు అటూ ఇటూ అయితే సవర అభ్యర్థి ఒడ్డున పడుతుంది. ఇళ్ళు మూడు కాక నాలుగైతే ఆమెకు ఓటమి లేనే లేదు. మన నియమాలలో ఈ పద్ధతి లేదు. ఉన్నదల్లా ఒప్పందం. ముగ్గురిలో ఒకరు మనవారు అని ఎన్నికకు ముందే కూర్చుని మాట్లాడుకోవడం. కొండ గూడలకు ఇట్లా కూర్చుని మాట్లాడుకునే అలవాటు మన పట్టణాలకంటె ఎక్కువగానే ఉన్నది.

ఒప్పందం అనగానే ‘ఏకగ్రీవం’ గుర్తుకు వస్తుంది. బడి కమిటీలలో అధికభాగం ఏకగ్రీవంగానే ఎన్నికవుతవి. దీనిని పత్రికలు శుభవార్తగా వ్రాస్తవి. ఒకే కంఠం అని దాని అర్థం. కాని ఎవరి కంఠం? తల్లిదండ్రులు ముందురోజు రచ్చచెట్టు కింద కూర్చుని తమలో తాము తేల్చుకున్న పేర్లు మరునాడు బడిలో ఏకగ్రీవమైతే అది వారి కంఠమే. ప్రధానోపాధ్యాయుడో, ఊరి పెద్దో, పార్టీ కార్యకర్తో చీటీమీద వ్రాసి తెచ్చిన పేర్లకు అందరూ తల ఊపితే అది మరొకరి కంఠం. రెండూ రిజిస్టరులో ఒకే మాటగా నమోదవుతవి. ఈ ఎన్నికకు పార్టీ లేదు, గుర్తు లేదు, ధరావతు లేదు. కాని 2019 నవంబరులో ప్రారంభమైన ‘నాడు-నేడు’ పథకం కింద మొదటి దశలో 15,715 పాఠశాలల పనులు చేపట్టి, ఆ డబ్బు ఖర్చుచేసే బాధ్యతను తల్లిదండ్రుల కమిటీలపై పెట్టిన తరువాత, అంతవరకు ఎవరూ అడగని పదవికి పోటీదారులు పుట్టుకొచ్చారు. ఇది చెడుగని నేననను. డబ్బుతోపాటు ఆసక్తి రావడం లోకసహజం. ఆ ఆసక్తి సిమెంటు బస్తాల దగ్గర ఆగిపోయి, పలకా పుస్తకం వైపు తిరిగి చూడకపోవడమే చింతించదగినది.

మరి ఒక తల్లి పోటీ చేయదలచితే ఏమి చేయాలి? గోడమీద అంటించిన ఓటర్ల జాబితాలో తన బిడ్డ పేరు, తరగతి, తన పేరు సరిగా ఉన్నవా అని ముందే చూచుకోవాలి. చదవలేకపోతే చదివించుకోవాలి. బిడ్డలిద్దరు వేరు వేరు తరగతులలో ఉంటే రెండు తరగతులలోను ఆ ఇంటికి ఓటున్నదని తెలుసుకోవాలి. తన తరగతిలోని ఇతర తల్లులను ముందుగా కలుసుకొని సగంమంది రోజుకు వచ్చేట్లు చూచుకోవాలి. ఎందుకంటే కోరం లేక వాయిదా పడిన ఎన్నిక రెండవసారి మరింత నీరసంగా జరుగుతుంది. ఇక ఆమె ఏమి వాగ్దానం చేయాలి? నగర బోర్డు అభ్యర్థి వలె పన్ను తగ్గిస్తాననో, కొత్త భవనం కట్టిస్తాననో ఆమె చెప్పలేదు, చెప్పనక్కరలేదు. ఆమె అడగగల ప్రశ్నలు కొన్ని ఉన్నవి. పంతులు వారానికి ఎన్ని రోజులు వస్తున్నాడు? వాన పడి వాగు పొంగిన రోజున ఆయన బడిలో ఉన్నట్లు రిజిస్టరులో ఎట్లా ఉన్నది? మధ్యాహ్న భోజనంలో గుడ్డు వారానికి ఎన్నిసార్లు పిల్లల పళ్ళెంలోకి వస్తున్నది? సవర వాచకం బీరువాలో ఉన్నదా, బిడ్డ చేతిలో ఉన్నదా? రెండవ తరగతి చివరకు తన బిడ్డ ఒక వాక్యం చదవగలదా?

ఈ ప్రశ్నలు నోటితో అడిగితే గాలికి పోతవి. తీర్మానాల పుస్తకంలో వ్రాయించాలి. నా దృష్టిలో ఈ కమిటీకి ఉన్న బలమంతా ఆ పుస్తకమే. 2022లో 117వ నంబరు ప్రభుత్వోత్తర్వు ద్వారా మూడు, నాలుగు, ఐదు తరగతులను కొన్నిచోట్ల ఉన్నత పాఠశాలలకు తరలించారు. 2025లో ఆ ఉత్తర్వును ఉపసంహరించి పాఠశాలలను మరొక విధంగా వర్గీకరించారు. పైనుండి వచ్చే ఇటువంటి మార్పులలో ఏడేండ్ల బిడ్డ వాగు దాటి నడవవలసి వస్తుందా లేదా అన్నది కార్యాలయంలోని పటంలో కనబడదు. వాగు ఎక్కడున్నదో, ఏ నెలలో పొంగుతుందో, ఎన్ని ఇళ్ళ పిల్లలకు అది అడ్డమో వివరంగా వ్రాసి, సభ్యులందరూ సంతకాలు, వేలిముద్రలు పెట్టిన తీర్మానం నకలు మండల విద్యాశాఖాధికారికీ, గిరిజనాభివృద్ధి సంస్థ ప్రాజెక్టు అధికారికీ చేరితే, దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత ఆ కుర్చీకి ఏర్పడుతుంది. జవాబు రాకపోయినా, అడిగినట్లు ఆధారముంటుంది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద జరిగిన కాల్పుల తరువాత ఈ కొండలు ఎంత నెత్తురు చూచాయో, ఆ ఉద్యమ నాయకులైన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ ఒకప్పుడు బడిపంతుళ్ళేనన్న సంగతీ చరిత్ర చదివినవారికి తెలుసు. ఇచ్చిన అర్జీకి జవాబు దొరకని చోట ఏమి జరుగుతుందో ఈ ప్రాంతానికి వేరుగా చెప్పనక్కరలేదు.

మన పాఠకులు తప్పక అడిగే ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నది. అల్పసంఖ్యాకుల పాఠశాలలకు ఈ కమిటీలు వర్తిస్తవా? 2012లో చేసిన సవరణ ద్వారా అల్పసంఖ్యాకుల సహాయిక పాఠశాలలలో కమిటీ కేవలం సలహా ఇచ్చేదిగా మాత్రమే ఉండాలని మార్చారు. మదర్సాలకు చట్టం వర్తించదని కూడ అప్పుడే స్పష్టం చేశారు. తరువాత 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 30వ అధికరణ కింది అల్పసంఖ్యాక పాఠశాలలకు, సహాయం పొందేవైనా పొందనివైనా, విద్యాహక్కు చట్టమే వర్తించదని తీర్పు చెప్పినది. విద్యాసంస్థను నడుపుకునే హక్కు అల్పసంఖ్యాక సమాజానిదన్నది ఆ తీర్పుకు మూలం. అది విలువైన హక్కు. కాని ఆ సంస్థలో బిడ్డను చదివించే తల్లికి, యాజమాన్యాన్ని లెక్క అడిగే హక్కు ఎక్కడున్నదన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది. సీతంపేట కొండమీద వేలిముద్ర వేసే సవర తల్లికి చట్టం ఇచ్చిన స్థానం, పట్టణంలోని మన సహాయిక పాఠశాలలో బిడ్డను చదివించే తల్లికి చట్టం ఇవ్వలేదు. యాజమాన్యాలు తమంతట తాము అటువంటి కమిటీని ఏర్పరచుకోవడానికి ఏ తీర్పూ అడ్డు రాదు. ఉర్దూ మాధ్యమంలోని ప్రభుత్వ పాఠశాలలకు మాత్రం చట్టం యథాతథంగా వర్తిస్తుంది. అక్కడ మన తల్లులు ఓటర్లే, అభ్యర్థులు కూడ కాదగినవారే.

చివరగా పదవీకాలం సంగతి. కమిటీ రెండేళ్ళదైనా, సభ్యత్వం బిడ్డతో ముడిపడి ఉన్నది. ఐదవ తరగతి బిడ్డ తల్లి ఎన్నికైతే, మరుసటి వేసవిలో ఆ బిడ్డ దిగువనున్న ఆశ్రమ పాఠశాలకు వెళ్ళిననాడు ఆమె స్థానం ఖాళీ అవుతుంది. ఆమె నేర్చుకున్న పని ఆమెతోనే వెళ్ళిపోతుంది. అందువలన గూడలలో అభ్యర్థిని ఎంచుకొనేటప్పుడు ఒకటి రెండు తరగతుల బిడ్డల తల్లులను ముందు పెట్టడం మేలు. వారికి రెండేళ్ళూ పూర్తిగా దక్కుతవి, తిరిగి నిలబడితే మరి రెండేళ్ళు కూడ.